సున్నపు తేట

పూతలపట్టు పక్కన మాకు బెల్లం గానుగ ఉంది. పెద్ద పెనంలో కాగే పాకం ఎప్పుడు దించాలో మా నాయన వాసనతోనే చెబుతాడు. ఆయన కూతుర్నయిన నేను తిరుపతిలో ఒక ప్రయోగశాలలో కూర్చుని, అదే చెరకు రసంతో బెల్లం కానిది చేస్తానని పట్టుబట్టాను.

నేను చేస్తున్న పని చెప్పడానికి తేలికే. రసంలోని చక్కెరను ఎంజైమ్ రెండు ముక్కలు చేస్తుంది. అందులో ఒక రకం ముక్కలను, పూలు కట్టినట్టు, ఒకదాని వెనక ఒకటి చేర్చి పొడుగాటి గొలుసు అల్లుతుంది. ఆ గొలుసులను వేరు చేసి ఆరబెడితే పల్చటి పొర వస్తుంది. ప్లాస్టిక్ కాగితంలా ఉంటుంది, మట్టిలో పడితే మట్టిలో కలిసిపోతుంది. ఇదంతా వివరిస్తే నాయన, "బెల్లమైతే తింటారు. దీన్నేం జేస్తారు?" అన్నాడు. అన్నాడే గానీ, అడిగినప్పుడల్లా క్యాన్ నిండా రసం బస్సులో తెచ్చి ఇచ్చి వెళ్లేవాడు.

అంగడి చక్కెరతో గొలుసు చక్కగా వచ్చేది. నాయన తెచ్చిన రసంతో మూడుసార్లు చేశాను, మూడుసార్లూ ఏమీ రాలేదు. నా పరిశోధన చూసే మేడం చివరికి చెప్పేశారు. "ఇంకొక్కసారి చూడు. రాకపోతే రసం సంగతి వదిలేసి చక్కెరతోనే పూర్తి చెయ్." నాకు ఏడుపొచ్చింది. మిల్లులో శుద్ధి చేసిన చక్కెరతోనే అయ్యే పనైతే, మా ఊరి గానుగకు దానితో ఏం సంబంధం? నేను ఈ చదువులోకి వచ్చిందే ఆ రసం కోసం. ఎంజైమ్‌ను తిట్టాను, ఫ్రిజ్‌ను తిట్టాను, కరెంటును తిట్టాను.

ఆ రోజు క్యాన్ కడుగుతుంటే అడుగున తెల్లటి మడ్డి వేలికి తగిలింది. మిగిలిన రసంలో పరీక్ష కాగితం ముంచితే నీలంగా మారింది, అంటే క్షారం ఉంది. మా ఎంజైమ్‌కు కాస్త పులుపు ఉండాలి. ఈ రసంలో అది పనిచేసే ప్రశ్నే లేదు.

వెంటనే ఫోన్ చేశాను. "నాయనా, రసంలో ఏమన్నా కలిపినావా?"

"ఏమీ లేదు మా. రవంత సున్నపు తేట, అంతే. అది పోయకుంటే నీ దగ్గరికొచ్చే లోపల పులిసిపోదా?"

నోటికొచ్చినట్టు అరిచాను. నెలల కష్టం నీళ్లపాలు చేశావన్నాను. నాయన మెల్లగా, "నీకు సెడిపోయిన రసం ఎట్లిచ్చేది మా?" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక సిగ్గుతో కుంచించుకుపోయాను. ఆయన జన్మంతా చేసిన పనే చేశాడు. రసం పట్టగానే సున్నపు తేట పోయడం గానుగ వాళ్లకు అన్నం ముందు చేతులు కడుక్కోవడం లాంటిది. మరి నేను? ఎవరు ఏ రసం తెచ్చినా ముందు పరీక్షించాలని కొత్త పిల్లలకు పాఠం చెప్పేదాన్ని. మా నాయన రసానికి పరీక్షేమిటని మూడుసార్లూ కాగితమే ముంచలేదు.

మర్నాడు ఆయన మొదటి బస్సుకే దిగాడు. క్యాన్ చుట్టూ తడి గోనెసంచి, సంచి నిండా ఐసుముక్కలు. "సున్నం లేకుండా రసాన్ని గానుగ దాటించడం ఇదే మొదలు," అన్నాడు నేరం చేసినవాడిలా. నన్ను ఒక్క మాటా అనలేదు. సాయంత్రం దాకా వరండా బెంచీ మీదే కూర్చున్నాడు.

ఈసారి ముందు కాగితం ముంచాను. సాయంత్రానికి రసం చిక్కబడింది. గొలుసులను వేరు చేయడానికి ఆల్కహాల్ పోయగానే తెల్లటి పోగులు గాజుకడ్డీకి చుట్టుకుంటూ పైకి వచ్చాయి. నవ్వు ఆగలేదు. మేడం కూడా వచ్చి చూసి, "రసంతోనే కానివ్వు," అన్నారు.

నాయనను లోపలికి పిలిచాను. ఆ పోగును వేళ్ల మధ్య సాగదీసి చూశాడు. ఆయన ముఖం మారిపోయింది.

"ఇది బంక మా. మా నాయన కాలంలో ఒకసారి వానలకు నరికిన చెరకు అట్నే పడుండిపోయింది. ఆ రసం ఇట్నే తీగలు సాగింది. ఎంత కాంచినా బెల్లం గట్టిపడలా. పెనం పెనం చేన్లో పారబోసి గెనెం గట్టు మీద కూర్చోని ఏడ్చినాడు. నువ్వు దీన్ని సూసి నవ్వతా ఉండావే."

ఆ చెరకును పాడుచేసిన సూక్ష్మజీవులు అల్లేదీ ఈ గొలుసేనని చెప్పాను. ఆయన పోగును వెలుతురుకు పట్టి మళ్లీ చూశాడు.

"అట్లయితే సెడిపోయిన రసం కూడా పనికొస్తాదా?"

"తెలీదు నాయనా. చేసి చూడాల."

పై వారం క్యాన్ మళ్లీ వచ్చింది. నాలుగు రోజులు ఎండలో పడేసిన చెరకు నుంచి తీసిన రసం. మూత తీస్తే పుల్లటి వాసన. ఊళ్లో నలుగురూ చూస్తుండగా మా నాయన అలాంటి రసం పట్టాడంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. క్యాన్ నా చేతికిస్తూ ఒకటే మాట అన్నాడు.

"దీంట్లో ఏమీ కలపలా మా. అయినా నా మాట నమ్మబాక, ముందు నీ కాయితం ముంచి సూసుకో."