సున్నం మామ టిక్కు పెట్టిన ఎద్దు

సున్నం మామకి అసలు పేరు ఒకటుంది. అది భార్యకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆవిడ మొగుణ్ణి పేరు పెట్టి పిలవదు కాబట్టి ఆ పేరు ఉన్నా లేనట్టే.

తోళ్ళ షెడ్డులో ఇరవై రెండేళ్ళుగా ఆయనది సున్నం తొట్టి. పచ్చి తోళ్ళు సున్నపు నీళ్ళలో నానితే బొచ్చు వదులవుతుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తొట్టిలో దిగి వాటిని తిరగెయ్యాలి. తిరగెయ్యకపోతే మడతల్లో తోలు కుళ్ళి, చీమిడిలా జారుతుంది. ఆ కంపు ముక్కుకి ఎప్పుడో అలవాటైంది కానీ సున్నం మాత్రం చేతులకి అలవాటు కాలేదు. వేళ్ళన్నీ నెర్రెలిచ్చాయి. మనవరాలి తల నిమిరితే ఆ నెర్రెల్లో వెంట్రుకలు చిక్కుకుని పిల్ల కెవ్వుమంటుంది. "తాతా, నువ్వు ముట్టుకోకు" అని అమ్మమ్మ వెనక దాక్కుంటుంది.

అందుకే కొలతల గదిలో ముసలాయన పని మానేశాడని తెలియగానే సున్నం మామ ప్రాణం లేచొచ్చింది. అది పొడి గది. ఆరిన తోలు బల్ల మీద పరిచి, కొలిచి, చిల్లులు చూసి వేరుచెయ్యడమే పని. "ఆ స్టూలు ఖాళీ అయితే నీదే మామా" అని మేస్త్రీ రెండేళ్ళుగా ఊరిస్తున్నాడు.

సరిగ్గా ఆ వారమే యజమాని ఒక శిక్షణ సారుని తీసుకొచ్చాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, ముక్కు దగ్గర సెంటు రుమాలు. అందరినీ గచ్చు మీద కూర్చోబెట్టాడు.

"ప్రతి మనిషి లోపలా ఒక జంతువు ఆత్మ తోడుంటుంది. కోపమొస్తే అదే ఆపుతుంది, భయమేస్తే అదే ధైర్యం చెబుతుంది. మీ జంతువేదో తెలిస్తే మీకు ఏ పని సరిపోతుందో తెలిసిపోతుంది" అన్నాడు.

తోళ్ళు కుళ్ళకుండా వాటికి ఉప్పు పట్టించే ఉప్పక్క చెయ్యెత్తింది. "జంతువుల ఆత్మలంటే ఈ షెడ్డులో కాలు పెట్టే చోటుండదు సారూ. రోజుకి రెండు లారీలు దిగుతాయి."

అందరూ నవ్వారు. సారు నవ్వలేదు. తలా ఒక కాయితం పంచాడు. పన్నెండు జంతువుల బొమ్మలు, పైన ఒకే ప్రశ్న: 'వీటిలో గొప్పది ఏది?'

సున్నం మామ నాలుగో తరగతితో బడి మానేసిన మనిషి. కూడబలుక్కుని చదివాడు. కొలతల గదికి పరీక్షన్నమాట! తోలు తెలిసినవాడెవడో చూస్తున్నారు. నక్క తోలు దేనికీ పనికిరాదు. మేకది మెత్తనే కానీ పలచన. పులి తోలు ఈ షెడ్డు గడప తొక్కిన పాపాన పోలేదు, చూడనిదాన్ని గొప్పదని ఎలా అంటాం? ఎద్దు తోలైతే మందం, చెప్పు అడుక్కి తిరుగులేదు. నిబ్బరంగా టిక్కు పెట్టాడు. పక్కన యజమాని బావమరిది పులికి టిక్కు పెడుతుంటే లోలోపల జాలిపడ్డాడు కూడా.

మధ్యాహ్నం సారు ఫలితాలు చదివాడు. "పులి: చూపు, చురుకు. కొలతల గది." బావమరిది లేచాడు. "ఎద్దు: ఓర్పు, బరువు, ఉన్నచోటే నిలకడ. సున్నం తొట్టి." తర్వాత పులి బొమ్మ బిళ్ళ బావమరిది చొక్కాకి, ఎద్దు బొమ్మ బిళ్ళ సున్నం మామ చొక్కాకి గుచ్చాడు.

"సారూ, నేను చెప్పింది తోలు సంగతండీ!"

"మనసే అలా చెప్పించింది పెద్దాయనా. మీ ఎద్దుని గౌరవించండి" అంటూ సారు చెయ్యి కలిపాడు. కలిపిన చేతిని వెంటనే రుమాలుతో వేలు వేలునా తుడుచుకున్నాడు. ఆ రుమాలుని మళ్ళీ ముక్కు దగ్గరికి తీసుకెళ్ళలేక ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డాడు.

ఇరవై రెండేళ్ళలో ఏ తొట్టీ సున్నం మామకి ఆ తుడుచుకోవడమంత వెగటు పుట్టించలేదు.

"మరి మీది ఏ జంతువండీ?"

"డేగ."

"కాదులెండి, కాకి. ఎద్దు పుండు కాకికి నొప్పా?"

మర్నాడు పొద్దున సున్నం మామ తొట్టి గట్టు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

"ఏంటి మామా, దిగవా?" అన్నాడు మేస్త్రీ.

"ఎద్దు పడుకుంది."

"పొద్దున్నే ఏం వేళాకోళం?"

"నేనేమన్నా కల్పించానా? చొక్కా మీద మీరే గుచ్చారుగా. పడుకున్న ఎద్దుని తోక మెలిపెట్టి లేపుతారు. లేపు చూద్దాం."

మేస్త్రీ బతిమాలాడు, బెదిరించాడు. ఇంకెవరూ తొట్టిలో దిగడానికి ఒప్పుకోలేదు. సాయంత్రానికి బుడగలు లేచాయి. మర్నాటికి మడతలు జారడం మొదలైంది. సరుకు పోతుందని యజమాని పరుగున వచ్చి, చేతికందిన బావమరిదినే దింపాడు. పులి మోకాళ్ళదాకా దిగింది, ఒక తోలు ఎత్తింది, బొచ్చు గుప్పెడు ఊడి మొహాన పడింది. అక్కడే తొట్టిలోనే కక్కుకుంది.

"ఛీ, ఛీ! కంపులో కంపు" అని అందరూ ముక్కు మూసుకున్నారు.

యజమాని సున్నం మామ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఏం కావాలయ్యా నీకు?"

"ఆ స్టూలండీ. ఎవరినైనా ఇవ్వండి, తొట్టి పని నేర్పుతాను. ఒడ్డున నిలబడి."

ఆ వారమే స్టూలు దక్కింది. కానీ ఆ గదిలో కూర్చునేవాడు పులి బిళ్ళ పెట్టుకోవాలట. శిక్షణ సారు రాసి వెళ్ళిన కాయితంలో అలాగే ఉందట. మేస్త్రీ తెచ్చిచ్చాడు. బావమరిది చొక్కా మీంచి తీసిందే, అంచున ఇంకా కక్కు ఎండిపోయి ఉంది.

సున్నం మామ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చూశాడు. పిన్ను తియ్యబోతే పగిలిన వేళ్ళు సహకరించలేదు.

"ఇటివ్వు మామా" అని ఉప్పక్క లాక్కుంది. "ముందు ఈ పులికి కాస్త ఉప్పు పట్టిస్తాను. లేకపోతే సాయంత్రానికి కుళ్ళుతుంది."