పగటి కథ, నాన్న గూడ్సుబండి

ఆసుపత్రిలో స్పిరిట్ వాసన తగిలితే అందరికీ సూది గుర్తొస్తుంది. నాకు మాత్రం రాకాసి గుర్తొచ్చి నవ్వొస్తుంది. మొన్న మా అమ్మాయికి టీకా వేయిస్తూ నవ్వితే నర్సు నన్ను ఎగాదిగా చూసింది. తప్పు నాది కాదు, సుగుణ ఆంటీది.

రాయ్‌పూర్ గుఢియారీలో, రైలు పట్టాలకు దగ్గర్లో ఉండేది మా ఇల్లు. పక్కింటి సుగుణ ఆంటీ గుంటూరు వైపు మనిషి, నర్సు. రాత్రి డ్యూటీ చేసొచ్చి, ఆ స్పిరిట్ వాసనతోనే మధ్యాహ్నం మంచం మీద కూర్చుని కథ చెప్పేది. కథానాయికలం నేనూ, నా స్నేహితురాలు ఫూల్‌మతీ. ఆ పిల్లకు తెలుగు రాదు కనుక సగం కథ హిందీలో నడిచేది. ఆంటీ కథల్లో రాకాసి ఊళ్ళకు ఊళ్ళే మింగేది కానీ, సూది చూస్తే చాలు, అమ్మో అని ఏడ్చేది.

శ్రీకాకుళం నుంచి వచ్చిన మా నాయనమ్మకు ఇది గిట్టేది కాదు. "పట్టపగలు కతలేటమ్మా? దారిన పోయేవోలు దారి తప్పిపోరా?" అనేది.

"నిజమే మామ్మగారూ, దారి తప్పే కదా మొన్న పాలవాడు మీకు నీళ్ళు పోసిపోయాడు!" అని ఆంటీ నవ్వేది.

నేను మూడో తరగతిలో ఉండగా ఒకనాడు ఆంటీ కథలో మమ్మల్నిద్దరినీ కొండగుహలోకి పంపి, తలుపు మూసేసి, మాట మధ్యలోనే గుర్రుపెట్టి నిద్రపోయింది. గూడ్సుబండి డ్రైవరైన మా నాన్న ఆ మధ్యాహ్నానికే రావాలి. సాయంత్రమైనా రాలేదు. సెల్‌ఫోన్లు ఇంకా ఇంటింటికీ రాని రోజులు. "సెప్పినాను కాదేటి! పగటి కత, అందునా సగం కత!" అని నాయనమ్మ తల కొట్టుకుంది. నేను ఏడుపు లంకించుకున్నాను. "తోర్ దదా ఆ జాహీ" అని ఫూల్‌మతి తన ఛత్తీస్‌గఢీలో, మీ నాన్న వచ్చేస్తాడులే అని ఓదారుస్తూ తనూ ఏడ్చింది. ఇద్దరం ఏడ్చుకుంటూనే ఆంటీ ఇంటికి పరుగెత్తాం.

ఆంటీ గుమ్మంలోనే నిలబడి ఉంది. మా గోల విని, "ఓసి పిచ్చిదానా, పట్టాల మీద పోయే బండి దారెట్టా తప్పుద్దే?" అంది.

"మరెందుకు రాలేదు?"

ఆంటీ గుమ్మంలో కూలబడి మా చేతులు పట్టుకుంది. "సరే, కథ ముగిద్దాం. గుహ అవతల నాన్న బండి ఆగింది. పట్టాలకి అడ్డంగా రాకాసి పడుకుంది. ఏం చేద్దాం?"

"సూది వేద్దాం."

"అంత రాకాసికి ఎంత సూది కావాలే?"

కరెంటు స్తంభమంత అన్నాను. ఫూల్‌మతి ముక్కు చీదుకుని, "పహలే టికట్ పూఛేగీ నా?" అంది, రాకాసి ముందు టికెట్టు అడుగుతుందిగా అని. గూడ్సుబండికి టికెట్టేమిటని కసిరాను. ఆ పోట్లాటలో ఏడుపు మరచిపోయాం. ఎలాగో ఫూల్‌మతి రాకాసి కాళ్ళు పట్టుకుంది, నేను పొడిచాను, అది ఏడుస్తూ దగ్గర్లోని ధర్సీవా ఊరి వైపు పారిపోయింది.

"ఇక జెండా ఊపండి" అంది ఆంటీ. ఫూల్‌మతి జడ రిబ్బన్ విప్పి ఊపింది. ఎర్ర రిబ్బన్. "ఎర్రది వద్దే, బండి ఆగిపోద్ది!" అని ఆంటీ నిజంగానే కేకపెట్టి, లోపలికి పరుగెత్తి ఆకుపచ్చ జాకెట్టుముక్క తెచ్చింది. ముగ్గురం వీధిలో నిలబడి అది ఊపాం.

కాసేపటికి సందు మొదట్లో నాన్న కనిపించాడు. సిగ్నల్ ఇవ్వక బండిని ఊరి బయట నిలబెట్టేశారట. నాన్న వెనకే ఆంటీ భర్త వస్తున్నాడు. ఆ బండికి గార్డు ఆయనేనన్న సంగతి నాకప్పటిదాకా తోచనే లేదు. ఆంటీ కొంగులో ముఖం దాచుకుని, చిన్నపిల్లలా ఏడ్చింది.

ఇప్పుడు నాకు భయమేస్తే మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని కథ మొదలుపెడతాను. తనను ఓదారుస్తున్నానని అది అనుకుంటుంది.