వెర్నా రాజీనామా చేయలేదు

పెల్హమ్ మున్సిపాలిటీ వాటర్ వర్క్స్‌లో వెర్నా హ్రూస్కా పద్నాలుగేళ్ళుగా పనిచేస్తోంది. నదిలోంచి తోడిన బురదనీరు తేటపడి ఊళ్ళో కుళాయిల్లోకి చేరేదాకా చూసుకోవడం ఆమె పని. నెలకోసారి శనాదివారాల్లో మాత్రం యూనిఫాం వేసుకుని అవసరమైతే సైన్యం పిలుచుకునే నేషనల్ గార్డ్ దళం శిక్షణకు వెళ్ళేది. అక్కడ ఆమె సార్జెంటు. అక్కడా నీళ్ళ పనే.

ఆ ఏడు మార్చిలో సైన్యం నుంచి ఉత్తర్వులొచ్చాయి. కువైట్ ఎడారిలోని శిబిరంలో పదకొండు నెలలు. వెర్నా ఆ కాగితాలు పట్టుకుని సిబ్బంది విభాగం అధికారి లైల్ ఆస్ట్రాండర్ దగ్గరికి వెళ్ళింది. లైల్ చెడ్డవాడేం కాదు. ఎవరేమడిగినా "నేను చూసుకుంటా కదా" అని నవ్వుతాడు. చూసుకోడు, అంతే.

"సైన్యం జీతం తక్కువైతే ఆ తేడా మనమే కడతాం. ఇంటివాళ్ళ ఆరోగ్య బీమా ఆగదు. తిరిగొచ్చాక నీ ఉద్యోగం నీదే. నిశ్చింతగా వెళ్ళిరా తల్లీ" అన్నాడు.

ఆమె మూడు ఫారాలు నింపింది. ఒక్కోటి రెండేసి ప్రతులు. అన్నీ ఆయన చేతికే ఇచ్చి విమానమెక్కింది.

జులైలో ఒక ఉదయం ఆమె భర్త డ్వైట్ కూతురు టెస్‌కి ఇన్సులిన్ తేవడానికి మందుల షాపుకు వెళ్ళాడు. పదకొండేళ్ళ టెస్‌కి అది లేకపోతే రోజు గడవదు. షాపులో అమ్మాయి కార్డు రెండుసార్లు గీసి, "మీ బీమా రద్దయింది సార్" అంది. డ్వైట్ స్కూలు బస్సు నడుపుతాడు. వేసవిలో అతనికి జీతముండదు. పడవ కొనుక్కుందామని దాచుకున్న డబ్బులోంచి ఇన్సులిన్ కొని, అటునుంచి అటే లైల్ ఆఫీసుకు వెళ్ళాడు.

లైల్ కంప్యూటర్‌లోకి తొంగిచూశాడు. "అరే, వెర్నా రాజీనామా చేసినట్టుందే!"

"ఎప్పుడు చేసింది? ఎవరికిచ్చింది?"

"ఇవ్వక్కర్లేదు డ్వైట్. కొత్త కంప్యూటర్ పెట్టారు కదా. అరవై రోజులు పనిగంటలు నమోదు కాకపోతే ఉద్యోగం వదిలేసినట్టు అదే రాసేసుకుంటుంది."

"ఆమె ఎడారిలో ఉందయ్యా బాబూ! గంటలెక్కడ నమోదు చేస్తుంది, ఇసకలోనా?"

"నీ బాధ నాకు అర్థమవుతోంది. దీన్ని సరిచేయాలంటే ఆమె స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి."

డ్వైట్ విసురుగా బయటికి నడిచాడు. ఇంటికొచ్చి ఫ్రిజ్ తలుపు ఎంత గట్టిగా వేశాడంటే, దాని మీదున్న ఫొటోలన్నీ కింద రాలాయి.

రెండ్రోజుల తర్వాత వెర్నాయే ఫోన్ చేసింది. శిబిరంలో ఫోన్ కోసం సాయంత్రం పూట వరసలో నిలబడాలి. పెల్హమ్‌లో అప్పటికి ఉదయం పదిన్నర.

"లైల్ గారూ, నేను వెర్నాని."

"నువ్వు వెర్నావేనని నాకెలా తెలుస్తుందమ్మా? నెంబరు మన ఊరిది కాదు."

"పోయిన క్రిస్మస్ విందులో నా బంగాళాదుంపల కూర మూడుసార్లు వడ్డించుకున్నారు. చాలా, ఇంకేమైనా చెప్పాలా?"

లైల్ నవ్వేశాడు. "సరే, నువ్వే. కానీ సంతకం మాత్రం పై అధికారి ఎదుట పెట్టాలి."

"నా పై అధికారి కల్నల్. ఆయన ఎదుట పెట్టమంటారా?"

"మున్సిపాలిటీ అధికారి కావాలమ్మా."

వెనకాల వరసలో ఉన్నవాళ్ళు గొణుగుతున్నారు. ఫోన్ పెట్టేసిన వెర్నా నేరుగా శిబిరంలోని సైనిక న్యాయ సలహాదారు గుడారానికి వెళ్ళింది. అతను విని తల పట్టుకున్నాడు. సైన్యానికి వెళ్ళినవాళ్ళ ఉద్యోగం తీసేయడం చట్టవిరుద్ధమని మున్సిపాలిటీకి ఒక పేజీ ఉత్తరం రాసి పంపాడు. మూడు వారాలకు బీమా తిరిగొచ్చింది. కంప్యూటర్ మళ్ళీ అదే పని చేయకుండా, వాటర్ వర్క్స్‌లో ఆమె సహోద్యోగి మెర్ల్ ప్రతి శుక్రవారం ఆమె పేరు మీద సున్నా గంటలు నమోదు చేస్తూ వచ్చాడు. అలా చేయమని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఫిబ్రవరిలో ఆమె తిరిగొచ్చింది. మొదటిరోజు గేటు దగ్గర కార్డు పనిచేయలేదు. లైల్ నవ్వుతూ ఎదురొచ్చాడు.

"బీమా వరకే సరిచేశామమ్మా. ఉద్యోగంలో నువ్వు కొత్తగా చేరినట్టే లెక్క. ఆర్నెల్ల ప్రొబేషన్. ఇవాళ కొత్తవాళ్ళకు శిక్షణ ఉంది, వెళ్ళి కూర్చో."

వెర్నా వెళ్ళి కూర్చుంది. క్లోరిన్ జాగ్రత్తల మీద పుస్తకం పంచారు. ఎనిమిదేళ్ళ కింద దాన్ని రాసింది ఆమే. రెండో పేజీ తిప్పేసరికి చెవులు వేడెక్కాయి. పుస్తకం మూసి, లేచి బయటికొచ్చేసింది.

ఆ గురువారం కౌన్సిల్ సమావేశంలో ఊరివాళ్ళకు మాట్లాడటానికి తలా మూడు నిమిషాలిచ్చారు. వెర్నాకి ఒకటిన్నర చాలింది.

"నేను రాజీనామా చేయలేదు. నన్ను దేశం పిలిచింది, ఉత్తర్వులు మీ చేతికే ఇచ్చాను. నా కూతురి మందు మీ కంప్యూటర్ ఆపింది. దాన్ని సరిచేయడానికి నన్ను ఎడారిలోంచి నడిచి రమ్మన్నారు. ఇప్పుడు నేను రాసిన పుస్తకం నాకే నేర్పుతున్నారు. నా పద్నాలుగేళ్ళు ఎక్కడ పెట్టారో వెతికి ఇవ్వండి. దయ చూపమని అడగడం లేదు. అది చట్టం."

మున్సిపల్ న్యాయవాది మేయర్ చెవిలో ఏదో అన్నాడు. మేయర్ లైల్ వైపు చూశాడు. లైల్ "ఆ కంప్యూటర్..." అని మొదలుపెట్టి ఆపేశాడు.

వారంలో అన్నీ కదిలాయి. సీనియారిటీ తిరిగొచ్చింది, దూరంగా ఉన్న పదకొండు నెలలు కూడా కలిశాయి. రావలసిన జీతం తేడా, డ్వైట్ ఇన్సులిన్‌కు పెట్టిన డబ్బు ఖాతాలో పడ్డాయి. లైల్ ఆఖరి కాగితం పట్టుకుని స్వయంగా వాటర్ వర్క్స్‌కొచ్చాడు.

"ఇక్కడొక్క సంతకం పెట్టేస్తే అయిపోతుంది తల్లీ."

వెర్నా చేతులు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, నిలబడే మొదటి అక్షరం నుంచి చదివింది. లైల్ ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మారుతున్నాడు.

"శ్రీ వెర్నన్ హ్రూస్కా అని ఉంది. ఎవరీయన?"

"అయ్యో, చిన్న పొరపాటు. ఇప్పటికి పెట్టెయ్, తర్వాత నేను చూసుకుంటా కదా."

"వద్దు. సరిచేసి తీసుకురండి" అని కాగితం ఆయన చేతిలో పెట్టింది.

లైల్ ఇంకో రెండుసార్లు రావలసి వచ్చింది.