పక్కగది సిస్టరమ్మ, ఆమె ఎండు రొయ్యలు

మా పక్కగది సిస్టరమ్మ పోయింది. మొన్న పొద్దున ఫోన్ వచ్చింది. గుంటూరు వైపు తన సొంతూళ్ళో, నిద్రలోనే పోయిందట. ఆ కబురు చెప్పినవాడు అప్పట్లో దుబాయ్‌లో మాతోపాటు ఒకే ఫ్లాట్‌లో ఉన్న పాత స్నేహితుడు. "పాపం, మంచి మనిషి" అన్నాడు. నేనింకా కుర్చీలో కుదురుకోనేలేదు, అదే గుక్కలో, "అవునూ, నీ మనుమరాలికి పదిల ఎన్ని మార్కులొచ్చినయ్? ఇంటర్ ఏడ ఏసిన్రు?" అన్నాడు. చావు కబురు ఇంకా నోట్లో ఉండగానే మార్కులడిగే నోరు. సిస్టరమ్మ బతికినన్నాళ్ళూ అసహ్యించుకున్నది ఆ నోటినే. వాడికి నేనేం జవాబిచ్చానో తర్వాత చెప్తాను.

నేను ఏడో తరగతి దాటని మనిషిని. పెద్దపెద్ద మాటలు రాయడం రాదు. ఆమెను తలచుకుంటే ఏడుపు రావాలి కదా, నాకేమో లోపల సంతోషం పొంగుతోంది. అలాంటి మనిషి గోడ పక్కన కొన్నేళ్ళు బతికాను, ఎంత అదృష్టవంతుణ్ణో చూడండి. తప్పనుకున్నా సరే, ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఎనభైల మొదటి రోజులవి. బర్ దుబాయ్‌లో బట్టల దుకాణాల వీధి, దాని మీద మూడో అంతస్తులో మా ఫ్లాట్. మూడు కుటుంబాలకు ఒకే వంటిల్లు. నేను షట్టరింగ్ పనిలో ఫోర్‌మన్ అయ్యాక కంపెనీ ఫ్యామిలీ వీసా ఇచ్చింది. భార్యనూ బిడ్డనూ కరీంనగర్ వైపు మా ఊరి నుంచి తెచ్చుకున్నాను. హాల్లో పరదా కట్టి, పరదా వెనక బిడ్డకు మంచం, బల్ల వేశాం. చివరి గదిలో ఆ ఫోన్ చేసిన స్నేహితుడి కుటుంబం. పక్కగదిలో సిస్టరమ్మ. సర్కారు దవాఖానాలో నర్సు. తెల్ల డ్రెస్సు, తెల్ల బూట్లు, మెడలో చిన్న శిలువ.

డ్యూటీ లేని సాయంత్రం ఆమె హాల్లో పాత పేపరు పరిచి, ఊరి నుంచి తెచ్చుకున్న ఎండు రొయ్యలు పోసుకుని, తలలూ తోకలూ గిల్లుతూ కూర్చునేది. ఆ కంపు ఏం చెప్పను. కిటికీ ఏసీ ఆ కంపునే తిప్పి తిప్పి మళ్ళీ మన ముఖాన కొట్టేది. మా ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఈమెకు ముక్కున్నదా లేదా" అని గొణిగేది.

మా బిడ్డ పది దాకా ఊళ్ళో తెలుగు మీడియం చదివింది. ఇక్కడ పదకొండులో సీటు దొరకడమే గగనమైంది. చేరిందో లేదో నోరు మూతపడింది. బడి నుంచి రావడం, పరదా లాక్కోవడం. మేం ఊరుకున్నామా? ఏం చెప్పిన్రు, అర్థమైందా, పరీక్షెప్పుడు, ఎన్నొచ్చినయ్, పక్కపిల్లకెన్నొచ్చినయ్. సిస్టరమ్మ వంటింట్లో వింటూ ఒకరోజు అంది. "అన్నయ్యగారూ, అస్తమానం థర్మామీటరు పెడితే జ్వరం తగ్గదండి."

ఇక మనవాళ్ళ శుక్రవారాల సంగతి చెప్పాలి. సెలవు రోజు ఎవరో ఒకరి ఇంట్లో భోజనాలు. కింద పేపర్లు పరిచి బిర్యానీ. తిన్నాక అరగడానికన్నట్టు ఆ ఇంటి పిల్లను పిలిచి నిలబెట్టి మార్కులడగడం. అందరూ చేసేదే. సంతలో పశువు నోరు తెరిచి పళ్ళు చూసే బేరగాళ్ళు కూడా ముందు చెయ్యి తుడుచుకుంటారు.

ఆ శుక్రవారం మా వంతు. వచ్చినవాళ్ళలో మా జిల్లా పెద్దాయన ఒకడు. కంపెనీ ఆఫీసులో అకౌంట్లు చూసేవాడు. ముదీర్‌కు, అంటే మా మేనేజరుకు, చెప్పి నా వీసా పని చేయించింది ఆయనే, అందుకే ఆయన ముందు నా నోరు లేవదు. నల్లి బొక్క జుర్రుకుంటూ, "కార్డు పట్టుకరా బిడ్డా, చూద్దాం" అన్నాడు. బిడ్డ తెచ్చి నిలబడింది. ఎంగిలి చేత్తోనే తీసుకున్నాడు. పసుపుపచ్చ నూనె కార్డంతా పాకింది. పైకి చదివి పక్కవాడికిచ్చాడు, వాడూ ఎంగిలి చేత్తోనే.

"లెక్కలల్ల గిన్నేనా? ఇగ ఖలాస్ తమ్మీ. వచ్చే నెల మా ఇంటోళ్ళు పోతున్నరు. వాళ్ళతోని ఇండియా పంపియ్యి. హాస్టల్ల పడేస్తే కొట్టి చదివిస్తరు. లేకుంటే టైపు నేర్పియ్యి, చాలు."

బిడ్డ కాలి బొటనవేలు నేలకేసి రాస్తోంది. పంపితే చదువు అక్కడితో పోతుందని నాకు తెలుసు. ఆ పిల్ల ముఖంలోనే రాసి ఉంది. ఐనా ఆయనకు ఇంకో ముక్క వడ్డించాను.

డ్యూటీ నుంచి వచ్చిన సిస్టరమ్మ గుమ్మంలో ఇదంతా విన్నది. బూట్లు విప్పకుండానే వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది.

"పెద్దాయనగారూ, మీ మూత్రం పరీక్ష ఎంతొచ్చిందండి?"

"ఏందమ్మా?"

"అదేనండి, షుగరు. సిగ్గెందుకూ, అందరూ మనవాళ్ళేగా, పైకే చెప్పండి. ఏవండీ పక్కాయనగారూ, మీ మొలలు ఎలా ఉన్నాయి? కార్డుంటే తెండి, నలుగురం చూద్దాం."

"అన్నం కాడ గివేం మాటలు సిస్టరమ్మా. ఛీ."

"ఛీ అనిపించిందా? నాకు గుమ్మంలోనే అనిపించిందండి."

కార్డు లాక్కుని తన తెల్ల చేతిరుమాలుతో తుడిచి బిడ్డకిచ్చింది. "లోపలికెళ్ళమ్మా. విజిటింగ్ టైం అయిపోయింది."

మొదట నవ్వింది మా ఆవిడే. పెద్దాయన చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. ముదీర్‌కు చాడీ చెప్తాడేమోనని కొన్నాళ్ళు భయపడ్డాను. చెప్పలేదు. చెప్పాలంటే మూత్రం సంగతి నుంచి మొదలుపెట్టాలి కదా.

"గిప్పుడేం చెయ్యాలె సిస్టరమ్మా, ఉంచాల్నా పంపాల్నా?" అని ఆ రాత్రే అడిగాను.

"వార్డులో సగం టైము మేం చేసేదేంటో తెలుసా అన్నయ్యగారూ? మా పని మేం చేసుకుంటూ పక్కన ఉంటాం, అంతే. అడిగితే బానే ఉందంటారు. అడక్కుండా ఉంటే నొప్పెక్కడో వాళ్ళే చెప్తారు. కొన్నాళ్ళు ఊరికే ఉండండి, తర్వాత మీ ఇష్టం."

మర్నాడు సాయంత్రం పరదా పక్కనే పేపరు పరిచింది. నన్నూ మా ఆవిడనూ కూర్చోబెట్టి రొయ్యలు పోసింది. ఒక్క ప్రశ్న అడగకూడదని షరతు. సుత్తి పట్టిన నా వేళ్ళకు ఆ రొయ్యలు అందేవి కావు. మా ఆవిడ ముక్కు మూసుకోవడానికి చెయ్యి ఖాళీ లేక కళ్ళ నీళ్ళు పెట్టుకునేది. సిస్టరమ్మకు సెలవు దొరికిన సాయంత్రమల్లా ఇదే పని. పరదా కదల్లేదు.

ఒకనాడు కదిలింది.

"ఈ కంపుల ఎట్ల చదువుత నేను?"

"చదవద్దులే అమ్మా. రా, నాలుగు తలకాయలు గిల్లు" అంది సిస్టరమ్మ.

వచ్చి కూర్చుంది. చేతిలో రొయ్యతో చెప్తున్నట్టు, మా వైపు చూడకుండా అంది. "క్లాసుల ఇంగ్లీషుల చెప్పేది నాకు అర్థమైతలేదు బాపూ. అడిగితే నవ్వుతరని అడుగుతలేను."

నేను సలహా చెప్పడానికి నోరు తెరిచాను. సిస్టరమ్మ రొయ్యల చేత్తో నా మోకాలు గిల్లింది. "ఊఁ" అని ఊరుకున్నాను. బిడ్డ ఇంకా చెప్పింది. పేపరు ఖాళీ అయ్యేదాకా చెప్తూనే ఉంది.

ఆ వారమే బడికి పోయి, క్లాసు అయ్యాక విడిగా డౌట్లు అడగనివ్వమని నాకొచ్చిన హిందీలో వాళ్ళ టీచరును వేడుకున్నాను. ఒప్పుకుంది. పెద్దాయన ఇంటివాళ్ళు ఇండియా వెళ్ళిపోయారు, మా బిడ్డ వెళ్ళలేదు. పన్నెండు పాసైన రోజు సిస్టరమ్మ మార్కులు అడగలేదు. "అన్నం తిన్నావా?" అనే అడిగింది. ఆ బిడ్డ ఇప్పుడు దవాఖానా ల్యాబులో పనిచేస్తోంది. ఊరందరి షుగరు దాని చేతుల్లోనే ఉంది.

ఇప్పుడు దాని బిడ్డ ఇంటర్‌లో చేరింది. రోడ్డు మీద ఎటు చూసినా కాలేజీల బోర్డుల మీద పసిపిల్లల ముఖాలు, కింద ర్యాంకులు, కోళ్ళ దుకాణం ముందు రేటు పలకల్లా. టీవీ పెడితే అవే అంకెలు అరుస్తారు. అప్పుడు ఒక పెద్దాయన చేతికే నూనె ఉండేది, ఇప్పుడు గోడలన్నిటికీ అంటింది.

ఫోన్‌లో మార్కులడిగిన నా స్నేహితుడికి నేనన్నది ఒకటే మాట. "నీ షుగరెంత?"

ఆ శుక్రవారం వాడూ మాతో కూర్చుని తిన్నవాడే. గుర్తుకొచ్చి నవ్వాడు. నవ్వీ నవ్వీ ఏడ్చాడు. నేనూ అంతే.

ఫోన్ పెట్టేసి బజారుకు పోయి ఎండు రొయ్యలు తెచ్చాను. మనవరాలు కాలేజీ నుంచి వచ్చి తలుపేసుకుంది. ఆ తలుపు ముందు పేపరు పరిచి కూర్చున్నాను. కాసేపటికి తలుపు తెరుచుకుంది.

"తాతా, ఏందీ కంపు?"

నేను గిల్లుతూ కూర్చున్నాను. అది ఒక చేత్తో ముక్కు మూసుకుని నా పక్కన చతికిలబడింది. రెండో చెయ్యి మెల్లగా రొయ్యల కుప్ప మీదికి వచ్చింది.