ఏడాదికొక్క రోజు టైర్లు

నేను ఒకచోట కుదురుగా కూర్చునే మనిషిని కాను. జీపు నడపడం నాకు సరిపడే పని అనుకున్నది అందుకే, అందులో కూర్చున్నా కదులుతూనే ఉంటాం. జూలూరుపాడు నుంచి అడవి అంచు గూడేల దాకా సర్వీసు జీపు తిప్పాలని అనుకున్ననాటికి మా వైపు సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. కొత్త బండి కొనే తాహతు లేదు. పాతది కొందామంటే ఒకటే భయం. ఏడాదికోసారి రవాణా ఆఫీసుకు తీసుకుపోయి ఫిట్‌నెస్ చేయించాలి. అందులో ఫెయిలైతే బండి ఇంటిముందు నిలబడిపోతుంది, దాంతోపాటు నేనూ నిలబడాలి. అది నావల్ల కాదు.

కాబట్టి బండి ఎలా నడుస్తుందని నేను ఎవరినీ అడగలేదు. ఏ మోడల్ ఫిట్‌నెస్‌లో పాసవుతుందని అడిగాను. స్టాండులో టీ తాగేవాళ్లను అడిగాను, సీట్లో కునుకు తీసేవాళ్లను లేపి మరీ అడిగాను. అందరూ ఒకే మోడల్ చెప్పారు. అది ఫెయిలయ్యే మాటే లేదన్నారు. ఇల్లందులో ఒక పెద్ద డ్రైవరు దగ్గర అలాంటి జీపు అమ్మకానికుందని తెలిసి మర్నాడే బస్సెక్కాను. ఆయన మంచం మీద కాగితాలు పరిచి చూపించాడు. ఏటేటా మొదటిసారికే పాస్. ఒక్క ఏడాదీ తప్పలేదు. నేను ఇంజను చప్పుడు కూడా సరిగ్గా వినకుండా ఆ కాగితాలు చూసే మురిసిపోయాను.

తాళం చేతికిచ్చాక ఆయన ఇంట్లోకి పోయి నాలుగు టైర్లు ఒక్కొక్కటే దొర్లించుకుంటూ తెచ్చాడు. వాటి గీతలు వేలు దూరేంత లోతుగా ఉన్నాయి. బండికి ఉన్న టైర్లేమో నున్నగా అరిగిపోయి ఉన్నాయి.

"ఇవి గూడ తీస్కపో తమ్మీ. ఫిట్‌నెస్ దినం ఎక్కియ్యి, తెల్లారి దించు. అటక మీద పెట్టుకుంటే పదేండ్లొస్తయ్," అన్నాడు.

ఆయన మోసం చేశాడని నాకు అనిపించలేదు. నిజం చెప్పాలంటే చంకలు గుద్దుకున్నాను. పెళ్లికి కట్టే పట్టుచీర పొలానికి కట్టుకుపోతామా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తర్వాత తెలిసింది, మా స్టాండులో ఆ మోడల్ జీపున్న ప్రతివాడి అటక మీదా నాలుగు టైర్లున్నాయి. దానికి అంత మంచి పేరు అలా వచ్చింది.

నా భార్య గూడెంలో అంగన్వాడీ టీచరు. అంతవరకు దొరికిన బండి ఎక్కి పోయేది, ఇక ముందు సీటు ఆమెదే అయింది. వెనక పత్తి ఏరే కూలీలు, సంతకు పోయివచ్చే కోయ ఆడవాళ్లు, వాళ్ల గంపలు. దారిలో ఒక వాగుంది. అందులోకి దిగేచోట ఎర్రమట్టి రోడ్డు బాగా ఏటవాలు. నేను చాలా ముందే గేరు తగ్గించి, బ్రేకు తొక్కి, వదిలి, మళ్లీ తొక్కి ఎలాగో దించేవాణ్ణి. అదంతా నా పనితనం అనుకునేవాణ్ణి.

మొదటి ఫిట్‌నెస్‌కు వారం ముందు నుంచి కాలుగాలిన పిల్లిలా బండి చుట్టూ తిరిగాను. లైట్లు వేసి చూశాను, ఆర్పి చూశాను, బిగించిన బోల్టులే మళ్లీ బిగించాను. ఆ రోజు తనిఖీ చేసే అధికారి, మేమంతా బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అంటాం, పక్కన కూర్చుని కొంత దూరం నడిపించి ఒక్కసారిగా ఆపమన్నాడు. బండి ఆగింది. సంతకం పెట్టాడు. మర్నాడు పొద్దున్నే మంచి టైర్లు విప్పుతుంటే నా భార్య వాకిట్లో నిలబడి ఎందుకని అడిగింది. రోజూ తిప్పితే అరిగిపోతాయి కదా అన్నాను.

ఆ వానాకాలం మొదట్లోనే, మేము వాగులోకి దిగుతుండగా ఎదురుగా మేకల మంద ఎక్కి వచ్చింది. బ్రేకు తొక్కాను. బండి ఆగలేదు. బురదలో జారి, అడ్డం తిరిగి, మేకల పక్కనుంచి వాగులోకి పోయి ఇసుకలో దిగబడింది. నీళ్లు ఫుట్‌బోర్డు దాకా వచ్చాయి. ఎవరికీ దెబ్బలు తగల్లేదు కానీ ఒక ముసలమ్మ గంప నీళ్లలో కొట్టుకుపోయింది. నా భార్య ఎదుటి కడ్డీని పట్టుకున్న చేతులు చాలాసేపు విప్పలేదు. తర్వాత దిగి, కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని వాగు దాటి, వెనక్కి చూడకుండా గూడెం వైపు నడిచిపోయింది.

సాయంత్రం నాకు అన్నం పెడుతూ అడిగింది.

"ఆ సారు నీ బండ్ల ఏడాదికొక్కదినం గూసుంటడు. నేను దినాం గూసుంట. మంచి టైర్లు ఆయనకా?"

రేపటినుంచి నడిచిపోతానని చెప్పి లేచింది. మా ఇంటి నుంచి గూడెం నాలుగు కిలోమీటర్లు. రెండు రోజులు నడిస్తే పట్టుదల అదే తగ్గుతుందిలే అనుకున్నాను. తగ్గలేదు. రోజూ పొద్దున జీపు నింపుకుని ఆమె పక్కనుంచే పోయేవాణ్ణి. కనపడగానే నా కాలు దానంతటదే యాక్సిలరేటర్ మీద బరువయ్యేది. ఆమె టైర్ల సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే నా జీపు ఆ రోజే ఖాళీ అయ్యేది.

గంప పోగొట్టుకున్న ముసలమ్మే ఒకరోజు వెనకనుంచి అడిగింది. "పెండ్లాన్ని నడిపిచ్చుకుంట మమ్ముల ఎక్కిచ్చుకుంటవేంది కొడుకా?"

గేరు మార్చి బండి ముందుకు పోనిచ్చాను. అయినా బుద్ధి రాలేదు. వానలు వెనకబట్టే రోజుల్లో నా చక్రం కిందనుంచి లేచిన బురద ఆమె చీర మీద పడింది. అద్దంలో చూశాను. కొంగుతో ముఖం తుడుచుకుని నడుస్తూనే ఉంది. ఆ సాయంత్రమే అటక మీది టైర్లు దించి బండికి ఎక్కించాను. మర్నాడు ఆమె నాలుగు చక్రాల చుట్టూ తిరిగి, గీతల్లోకి బొటనవేలు దూర్చి చూసి, ముందు సీట్లో కూర్చుంది.

ఆ తర్వాత బండి ఆపమన్నచోట ఆగింది. నాకు మాత్రం శాంతి లేదు. రాళ్లు తేలిన ఆ మట్టి రోడ్డు మీద అంత బరువుతో గీతలు ఎంతకాలం నిలుస్తాయి? ప్రతి సాయంత్రం గోరు పెట్టి లోతు చూసేవాణ్ణి. స్టాండులో అందరూ పిచ్చోడన్నారు. మళ్లీ ఫిట్‌నెస్ వచ్చేనాటికి గీతలు అంచుల్లో కనపడకుండా పోయాయి. ఒక డ్రైవరు తన అటక మీది టైర్లు ఒక్కరోజుకు ఇస్తానన్నాడు. తీసుకుంటానన్నాను, వద్దన్నాను, మళ్లీ అడిగాను, చివరికి మొండికేసి నా టైర్లతోనే పోయాను. ఆమె రోజూ ఏ టైర్ల మీద ప్రయాణిస్తుందో ఇన్‌స్పెక్టర్ కూడా వాటినే చూడాలనుకున్నాను. ఫెయిలయ్యే మాటే లేని మోడల్ కదా అనే ఆశ కూడా లోపల లేకపోలేదు.

ఇన్‌స్పెక్టర్ బండి ముందు చక్రం దగ్గర కూర్చుని, గీతలు చూసి లేచాడు. టైర్లు మార్చి తీసుకురమ్మని కాగితం మీద రాసి ఇచ్చాడు. అన్నేళ్లు నున్నటి టైర్లతో తిరిగి ఏటా పాసైన జీపు, సరిగా నడిపిన ఏడాదికే ఫెయిలైంది. నాకు పట్టరాని కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు.

తిన్నగా గూడేనికి పోయాను. నా భార్య పిల్లలను పంపించేసి బయట నిలబడి ఉంది. బండి ఆగగానే ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టింది. చెప్పకుండా ఊరుకోవచ్చు. ఊరుకుందామనే అనుకున్నాను.

"ఫెయిలయింది. టైర్లు అరిగినయన్నడు," అన్నాను.

ఆమె కాలు కిందికి తీసింది. "చెప్పినవ్, మంచిగున్నది. పా, నడుద్దాం," అంది.

జీపును అంగన్వాడీ వాకిట్లోనే వదిలేసి ఆమె వెంట నడిచాను. జీపులో పావుగంట కూడా పట్టని దారి అది. వాగు దగ్గరికి వచ్చేసరికే నా పిక్కలు పట్టేశాయి. ఆమె మాత్రం ఏ రాయి మీద అడుగు వేయాలో చూసుకునే పని లేకుండా నడుస్తోంది. సిగ్గుతో నాకు తలెత్తబుద్ధి కాలేదు. కిందటేటి వానాకాలమంతా ఆమె రోజుకు రెండుసార్లు ఇదే దారిన నడిచింది. నేను తప్పుకోమని హారన్ కొట్టుకుంటూ పోయాను.