డ్రాయింగులో లేని గది

కువైట్‌లో నేను రిటైరవడానికి మూడేళ్ళ ముందు, డిసెంబరు మొదటి వారంలో, మా కంపెనీ నన్ను వఫ్రా వైపు ఒక తోట ఇంటికి పంపింది. నా హోదా హీటింగ్, కూలింగ్ సూపర్‌వైజరు. కువైట్‌లో హీటింగ్ ఏమిటయ్యా అని మా అమలాపురం వాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. అలా నవ్వేవాళ్ళను జనవరిలో ఆ ఎడారి గాలికి ఒక పూట నిలబెట్టాలి, పళ్ళు టకటకా కొట్టుకుంటాయి.

ఆ తోటకు కరెంటు లైను బలహీనం. రెండు గదుల్లో హీటర్లు వేస్తే చాలు, బ్రేకరు పడిపోయేది. అందుకని ఇంటి యజమాని బయట కట్టెల పొయ్యి పెట్టించాలనుకున్నాడు. ఇది వంటపొయ్యి కాదు. ఇంటికి దూరంగా నిలబెట్టే ఇనుప గది. లోపల కట్టెలు మండుతాయి, చుట్టూ ఉన్న తొట్టిలో నీళ్ళు కాగుతాయి, ఆ నీళ్ళను పంపు భూమిలోని పైపుల గుండా గదుల్లో వేడినిచ్చే రేడియేటర్లకు తోస్తుంది. మంటా పొగా బయటే ఉంటాయి కాబట్టి ఇంట్లోవాళ్ళకు క్షేమం.

ఉన్నవాటిలోకెల్లా పెద్దది కావాలన్నాడు యజమాని. నేను ఒప్పుకోలేదు. అవసరానికి మించిన పొయ్యి కొంటే నీళ్ళు త్వరగా కాగిపోయి, మంటకు గాలి అందించే తలుపు దానంతటదే మూసుకుని, కట్టె సరిగ్గా మండక కుములుతుంది. పొగగొట్టం నిండా తారు పేరుకుంటుంది. గదుల కొలతలు, కిటికీలు, పైకప్పు చూసి ఎంత వేడి కావాలో లెక్క కడతాం, దాన్ని హీట్ లోడ్ అంటాం. ఆ లెక్కకు మధ్యరకం చాలన్నాను. కట్టె విషయంలోనూ పట్టుబట్టాను. తోటలో కొట్టి ఏడాది ఎండిన రేగు, తుమ్మ దుంగలే వాడాలి, రంగు వేసిన పాత చెక్కలు ముట్టుకోకూడదు. మా వీసాకు పూచీ ఉండేవాణ్ణి కఫీల్ అంటారు. "నువ్వే నా కఫీల్‌లా మాట్లాడుతున్నావు" అని యజమాని నవ్వి సరేనన్నాడు. నా ఛాతీ కాస్త పొంగిన మాట నిజం.

పని ముగిసిన రోజున ఆ ఇంట్లో పనిచేసే మార్తమ్మ నా దగ్గరికొచ్చింది. పాలకొల్లు వైపు మనిషి, నలభై అయిదేళ్ళుంటాయి. పొయ్యిలో కట్టెలు వేసే పని ఆమెకే అప్పగించారు. ఆమె గది మాత్రం వంటగది వెనక, ప్రహరీని ఆనుకుని విడిగా ఉంది.

"అన్నయ్యగారండీ, మా గదికి పైపు ఏత్తారా?"

డ్రాయింగు విప్పి చూపించాను. అందులో ఆ గది లేదు, తరవాతెప్పుడో కట్టినట్టున్నారు. లేని గదికి పైపు వేసే అధికారం నాకు లేదు. యజమానిని అడిగే నోరు మాత్రం ఉంది. అడగలేదు. పైగా సలహా ఇచ్చాను, "కిటికీ సందులకూ తలుపు అంచుకూ టేపు వేసుకో అమ్మా, చలిగాలి రాదు" అని. మా వ్యానులోంచి టేపు చుట్ట కూడా తీసి ఇచ్చాను. ఎంత ఉదారుణ్ణో!

పది రోజులకు ఫిర్యాదు వచ్చింది. తెల్లవారేసరికి ఇంట్లో రేడియేటర్లు చల్లబడుతున్నాయట. పొద్దున ఎనిమిదింటికి చేరాను. పంపు, పైపులు, గాలి తలుపు అన్నీ బాగున్నాయి. పొయ్యి తెరిస్తే బూడిద తప్ప నిప్పు లేదు. ఎండిన రేగు దుంగలు వేస్తే తెల్లారేసరికి తట్టెడు నిప్పులు మిగలాలి. ఎవరో తోడుకుపోతున్నారు. నేలమీద రాలిన బూడిద మార్తమ్మ గది దాకా ఉంది.

పనివాళ్ళు మామా అని పిలిచే ఆ ఇంటి యజమానురాలు గుమ్మంలోకి వచ్చి, మార్తమ్మ ఇంకా లేవలేదని, మూడు రోజులుగా తలనొప్పంటూ బద్ధకిస్తోందని విసుక్కుంది. నిప్పులు, మూసిన గది, తలనొప్పి, ఈ మూడూ ఒకచోట వింటే మా వృత్తివాడు పరిగెత్తాలి. నిప్పుల్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది.

పరిగెత్తి ఆమె గది తలుపు కొట్టాను, పలకలేదు. భుజంతో తోస్తే గడియతో పాటు నేనిచ్చిన టేపూ పర్రుమని ఊడొచ్చింది. మంచం కింద పాత వంటగిన్నెలో నిప్పులు. మామా, నేనూ రెక్కలు పట్టుకుని మార్తమ్మను బయట ఇసుకమీదికి లాగాం. అంతసేపూ విసుక్కున్న ఆ తల్లే ఆమె తల ఒళ్ళో పెట్టుకుని "యా మార్తా, యా మార్తా" అని ఏడ్చింది. అంబులెన్సు వచ్చేలోపు మార్తమ్మ కళ్ళు తెరిచి, వాంతి చేసుకుని, నన్ను గుర్తుపట్టింది.

"మీరు సెప్పినట్టే టేపేసేనండి. చిటికెడు గాలి రాలేదండి."

నన్ను మెచ్చుకుంటోంది. తిట్టినా బాగుండేది.

రెండు రోజుల తరవాత ఆసుపత్రికి చూడబోతే అసలు సంగతి చెప్పింది. "బాలింతకి మంచం కింద కుంపటి పెడతారు కదండీ. నా ముగ్గురు పిల్లలప్పుడూ పెట్టేరు. ఏం కాలేదే!" నిజమే, మా అమ్మకూ పెట్టారు. కానీ అవి తాటాకిళ్ళు, పెంకుటిళ్ళు, చూరు సందుల్లోంచి గాలి ఆడేది. ఇది సిమెంటు గది, ఉన్న సందులు నేనే మూయించాను. కుంపటి సంగతి ఇద్దరికీ తెలుసు. దాని గురించి ఆలోచించవలసిన ఉద్యోగం నాది.

ఈసారి యజమానిని అడిగాను. "యల్లా, వెయ్యి" అన్నాడు. ఒక్క మాట. సగం రోజు పని. మధ్యరకం పొయ్యే ఆ గదికీ సరిపోయింది. కిటికీ టేపు నా చేత్తోనే పీకేశాను.

రిటైరయ్యేదాకా ఏ ఇంటికి వెళ్ళినా, డ్రాయింగు విప్పేముందు ప్రహరీ లోపలంతా తిరిగి, ఇక్కడ ఎవరెవరు ఎక్కడ పడుకుంటారని అడిగేవాణ్ణి. పడక ఉన్న ప్రతి గదినీ కాగితంమీద గీశాకే లెక్క మొదలుపెట్టేవాణ్ణి. దానికి పట్టేది కొద్ది నిమిషాలు. మార్తమ్మ వచ్చి అడిగిన రోజున ఆ కొద్ది నిమిషాలు నా దగ్గర ఉన్నాయి.