ఓటు లేని ఇళ్లలో కనకదుర్గ ప్రచారం

వందేళ్ల కిందట, నది అవతలి అమెరికాలో గవర్నరు పదవికి పోటీ చేసినవాళ్లలో కొందరు రైలు చివరి పెట్టె వెనక నిలబడి ఊరూరా ఉపన్యాసాలిచ్చేవారు. ఇవతల కెనడా ఒడ్డున, సార్నియాలో కనకదుర్గకు అంత హంగెక్కడిది? ఖమ్మం నుంచి వచ్చి, రసాయనాల కర్మాగారంలో ల్యాబ్ పని చేసుకుంటున్న మనిషి నగర కౌన్సిల్‌కు నిలబడింది ఒక్క బస్సు కోసం. సాయంత్రం దాటితే ఊరి శివార్లకు బస్సుండదు. పార్ట్‌టైమ్ పని ముగించిన కాలేజీ పిల్లలు మంచులో రోడ్డువారగా నడిచి వస్తుంటారు. నిరుడు చలికాలంలో అలా వస్తున్న అమ్మాయిని కారు గుద్దింది. ప్రాణం దక్కింది, కాలు దక్కలేదు. ఆ పిల్లను ఆసుపత్రిలో చూసొచ్చిన రోజే దుర్గ పోటీకి సిద్ధపడింది.

ప్రచారం మనవాళ్ల ఇళ్లతో మొదలైంది. మనవాళ్లు భోజనం పెట్టందే కదలనిస్తారా? ఒక ఇంట్లో పెసరట్టు, ఇంకో ఇంట్లో పులిహోర. నోటిదాకా వచ్చిన ఉపన్యాసం మీద పెరుగన్నం పడేది. సెప్టెంబరంతా అలాగే గడిచింది. తోడుగా తిరిగే విద్యార్థిని మధుమిత, "గెలిచేశాం ఆంటీ, ఒక్కరూ కాదనలేదు" అని మురిసిపోయింది.

అచ్యుత్ ఇంట్లో బండారం బయటపడింది.

"మీకు కాక ఎవరికి వేస్తాం దుర్గక్కా? కాకపోతే మాది ఇంకా పర్మనెంట్ రెసిడెన్సీయే. సిటిజన్‌షిప్‌కి అప్లై చేశాం" అన్నాడతను, కూర వడ్డిస్తూ.

"మరి మొన్న పులిహోర పెట్టిన రాఘవులుగారు వాళ్లు?"

"వాళ్లది వర్క్ పర్మిట్ కదక్కా."

ఓటు పౌరులకేనని దుర్గకు తెలియక కాదు. అన్నం పెడుతున్నవాళ్లను నీకు ఓటుందా అని అడగడానికి నోరు రాలేదు.

"ఇప్పుడేం చేద్దాం ఆంటీ?" అంది మధుమిత కారెక్కాక.

"తిన్నది అరగాలిగా. నడుద్దాం."

మర్నాటి నుంచి ముక్కూ మొహం తెలియని తలుపులు. కొన్ని మొహమ్మీదే పడ్డాయి. రిటైరైన కార్మికుడొకాయన గుమ్మంలోనే ఆపేశాడు.

"మా పన్నులతో మీ విద్యార్థులకు బస్సా?"

"చూపు తగ్గి కారు అమ్మేశారట, మీ పక్కింటావిడ చెప్పింది. సాయంత్రాలు క్లబ్బు నుంచి ఎలా వస్తున్నారు?"

ఆయన నవ్వలేదు. తలుపు మాత్రం పూర్తిగా తెరిచాడు. అలాంటి తలుపుల కోసం ఆమె అక్టోబరంతా వీధులు తిరిగింది.

ఫలితాల్లో కౌన్సిల్‌లోని చివరి కుర్చీ ఆమెకు దక్కింది. బస్సు ప్రతిపాదన మొదటిసారి వీగిపోయింది. బడ్జెట్ వచ్చాక చూద్దామన్నారు. బడ్జెట్ వచ్చింది, ఆమె మళ్లీ పెట్టింది. ఒక్క ఓటుతో గట్టెక్కింది. బస్సు నడిచిన తొలి సాయంత్రం పిల్లలు తమ తమ స్టాపుల్లో దిగిపోయారు. దుర్గ దిగలేదు. చివరి స్టాపు దాకా కూర్చుంది, అక్కడి నుంచి రూటు ఇంకెంత దూరం పొడిగించాలో చూసుకుంటూ.